గ్యాస్ కట్టర్ అప్పలకొండ కోసిన డీఎన్‌ఏ

మా కాలేజీ ల్యాబ్ అటెండరు అప్పలకొండ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే మా భిలాయిలో సెక్టర్ 7 మార్కెట్ నుంచి రుఆబాంధా దాకా అందరూ ఆయన కథ చెప్పుకుంటూ, మధ్యలో నేను ఏడ్చానని కూడా కలుపుతున్నారు. నేను ఏడవలేదు. అరిచాను. ఏడవడానికీ అరవడానికీ చాలా తేడా ఉంది. ఆ తేడా తెలియనివాళ్లు మా కథ చెప్పకుండా ఉంటే మంచిది.

అప్పలకొండది చీపురుపల్లి దగ్గర పల్లె. పంతొమ్మిదివందల అరవై రెండులో, పాతికేళ్ల వయసులో భిలాయి వచ్చి స్టీల్ ప్లాంటులో ఖలాసీగా చేరాడు. రెండేళ్లు బరువులు మోశాక చేతికి గ్యాస్ కటింగ్ టార్చి ఇచ్చారు. ఆ చెయ్యి ఇరవై తొమ్మిదేళ్లపాటు దాన్ని వదల్లేదు. గ్యాస్ కటింగ్ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. ఇనప ప్లేటు మీద ముందు సుద్దతో గీత గీస్తారు. ఆ గీత మొదట్లో మంట పెట్టి ఇనుము ఎర్రబడేదాకా ఆగుతారు. ఎర్రబడ్డాక మీట నొక్కితే ఆక్సిజన్ ధారగా వచ్చి ఆ ఇనుముని కాల్చుకుంటూ కోసుకుంటూ పోతుంది. ముందు వేడి, తర్వాతే కోత. వేడి చాలకుండా మీట నొక్కినవాణ్ణి ఆ షాపులో, అంటే ప్లాంటులో కోత పని జరిగే షెడ్డులో, మనిషి కింద లెక్కగట్టరు.

ఆ షాపులో ఒక ఆచారం ఉండేది. కోత అయ్యాక ప్లేటు మూల మీద కోసినవాడి పేరు తెల్ల పెయింటుతో రాసేవారు. కోత బాగుంటే మెచ్చుకోవడానికి, వంకర పోతే వెతికి పట్టుకుని తిట్టడానికి. అక్కడ ఇంజనీరుగా చేసిన మా నాన్న గురుమూర్తి, "కొండ పేరున్న ప్లేటుకి స్కేలు పెట్టి చూడటం టైము దండగ" అనేవాడు. మా నాన్న ఎవర్నీ పొగడడు. నేను యూనివర్సిటీ ఫస్టు వచ్చిన రోజున కూడా "ఈసారి పేపర్లు సులువుగా ఇచ్చారా?" అని అడిగిన మనిషి. కాబట్టి ఆయన నోట ఆ మాట వచ్చిందంటే ఊరికే రాలేదు.

తొంభై మూడులో మెడికల్ పరీక్షలో అప్పలకొండకి దూరపు చూపు ఫెయిలైంది. దగ్గరి చూపు కళ్లద్దాలతో బాగానే ఉంది గానీ, గోడ మీది కింది వరస అక్షరాలు కనిపించలేదు. నియమం నియమమే. టార్చి తీసేసుకుని టూల్ రూములో కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా రెండేళ్లు ఇతరులకి టార్చి నాజిళ్లూ నల్ల కళ్లద్దాలూ ఇచ్చి పుచ్చుకుంటూ గడిపాడు. ఆ రెండేళ్లలో ఏ ప్లేటు మీదా ఆయన పేరు పడలేదు. ఇంట్లో ఆనపకాయ మీద కూడా సుద్దగీత గీసి మరీ తరుగుతున్నాడనీ, పులుసులో సుద్దపొడి తేలుతోందనీ ఆయన భార్య నూకమ్మ మా అమ్మ దగ్గర గోలపెట్టింది. రిటైరైన రోజున దండలు వేసి మాట్లాడమంటే, మైకు పట్టుకుని "ఇంకొక్క కోత కోయించి పంపండి బాబూ" అని అడిగాడట. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదని మా నాన్న చెప్పాడు. ఆ మనిషికి కావలసింది నిజంగా అంతే: ఇంకొక్క కోత, దాని మీద తన పేరు.

తొంభై ఆరులో నేను హైదరాబాదులో మాలిక్యులార్ బయాలజీ చదువు ముగించుకుని సెక్టర్ 4లో మా క్వార్టరుకి తిరిగొచ్చాను. రుఆబాంధా వైపు తెలుగువాళ్ల సంఘం నడిపే చిన్న కాలేజీలో బయోటెక్నాలజీ డిగ్రీ కొత్తగా పెట్టారు. పాఠాలు చెప్పడానికి నేనూ, గాజుసామాను కడగడానికి మా నాన్న సిఫారసు మీద అప్పలకొండా ఒకే రోజున చేరాం. ప్రిన్సిపాల్ గణపతిరావుగారు ఇద్దరికీ నియమాలు చదివి వినిపించారు. నాకు పద్నాలుగు. ఆయనకి ఒక్కటే: పరికరాల మీద చెయ్యి వెయ్యరాదు.

"పరికరాలంటే ఏటి సార్?" అని అడిగాడు అప్పలకొండ.

"స్విచ్చి ఉన్నవన్నీ."

"ఫ్యానో?"

గణపతిరావుగారు కాసేపు ఆలోచించి ఫ్యానుకి మినహాయింపు ఇచ్చారు.

నేను ఆయన్ని చిన్నప్పటి అలవాటుకొద్దీ బాబాయ్ అంటాను. నాకు ఇరవై ఏడేళ్లు వచ్చినా ఆయన నన్ను పాపగారనే అంటాడు. మొదటి వారంలోనే ల్యాబు ఊడుస్తూ గోడకి అతికించిన ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాడు. డీఎన్‌ఏ రెండు పోగులూ ఒకచోట మెట్టులా తెగినట్టు వేసిన బొమ్మ అది.

"ఇదేటి పాపగారూ, దీన్నెవులో కోసినట్టున్నారు?"

"డీఎన్‌ఏ బాబాయ్. ప్రతి జీవి కణంలోనూ ఉంటుంది. ఆ జీవి ఎలా తయారవ్వాలో అందులో రాసి ఉంటుంది. ఆ రాతకి నాలుగే అక్షరాలు. ఎ, టి, జి, సి. రెండు పోగులు ఎదురెదురుగా..."

"అచ్చరాలు ఒగ్గేయండి. కోత సెప్పండి."

చెప్పాను. కోసేది ఎంజైము. రెస్ట్రిక్షన్ ఎంజైములని వాటిలో వందల రకాలున్నాయి. బొమ్మలోదాని పేరు ఈకో ఆర్ వన్. డీఎన్‌ఏ వెంట పోతూ, జి ఎ ఎ టి టి సి అన్న ఆరు అక్షరాలు వరసగా ఉన్నచోట మాత్రమే ఆగుతుంది. ఎదుటి పోగుని అవతలి వైపు నుంచి చదివినా అవే ఆరు అక్షరాలు వస్తాయి. రెండు పోగుల్లోనూ జి పక్కన కోస్తుంది. అయిదు అక్షరాలు కుదిరి ఒక్కటి కుదరకపోయినా ముట్టుకోకుండా పోతుంది.

"మరి మార్కింగ్ ఎవులేస్తారు?"

"ఎవరూ వెయ్యరు. ఆ రాతే మార్కింగు."

"దానికి కళ్లుంతాయా?"

"ఉండవు. తడుముకుంటూ పోతుంది. ఆకారం కుదిరినచోట పట్టుకుంటుంది."

అప్పలకొండ చీపురు గోడకి ఆనించి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"కళ్లు నేకుండా కోస్తాదా! దీన్ని మెడికల్‌లో ఎవులూ ఫెయిల్ సెయ్యనేదా?"

నవ్వు ఆపుకోవడానికి నేను కిటికీలోంచి బయటికి చూడాల్సి వచ్చింది. ఆయన మాత్రం వేలితో ఆ బొమ్మలోని కోతని కింది దాకా గీసుకుంటూ పోయాడు. "సూటిగా కొయ్యనేదు. మెట్టు పెట్టింది. మందం పలకలకి అతుకు గట్టిగా నిలవాలంటే మేమూ ఇలగే మెట్టు పెడతాం. దీన్ని మళ్లీ అతుకుతారా ఏటి?"

ఎమ్మెస్సీలో ఈ ప్రశ్న అడగడానికి నాకు రెండు నెలలు పట్టింది. మెట్టు దగ్గర నాలుగు అక్షరాలు జోడీ లేకుండా వేలాడుతుంటాయని చెప్పాను. అదే ఎంజైముతో కోసిన ముక్క ఏ జీవిదైనా సరే, దాని మెట్టు దీని మెట్టుకి సరిగ్గా సరిపోతుంది. ఇంకో ఎంజైము వచ్చి అతుకు వేస్తుంది. మనిషి ఇన్సులిన్ రాతని ఇలాగే బాక్టీరియాలో అతికించారు. ఇప్పుడది తొట్లలో పెరుగుతూ మనకి మందు చేసి పెడుతోంది.

"అయితే వెల్డింగ్ కూడా ఉందన్నమాట. ఇంతకీ ఈ కత్తి ఎవులిది?"

"బాక్టీరియాదే. వైరస్ లోపలికి దూరితే దాని డీఎన్‌ఏని ముక్కలు చెయ్యడానికి పెట్టుకుంది."

"మరి దాని సొంత డీఎన్‌ఏలో ఆ ఆరచ్చరాలుంటేనో? తన్ను తానే కోసేసుకుంతాదా?"

"ఆ అక్షరాల మీద చిన్న రసాయన మూత పెట్టుకుంటుంది. మూత ఉంటే కొయ్యదు."

"అచ్ఛా. మా టూల్ రూం పానాలకి మావేనని తెలీడానికి ఎర్ర పెయింట్ పూసుకునేవోళ్లం. అలగన్నమాట."

ఆ రోజు నుంచి ఆయన నన్ను వదల్లేదు. పొద్దున్న వస్తే "ఎప్పుడు కోస్తారు?", సాయంత్రం వెళ్తూ "ఎప్పుడు కోస్తారు?" నాకూ కొంటెబుద్ధి ఉంది. గణపతిరావుగారి ఏకైక నియమాన్ని నేనే మొదటి నెలలో గంగలో కలిపాను. క్లాసులయ్యాక తలుపు చేరవేసి, ఆయన చేతికి పిపెట్ ఇచ్చి, నీలిరంగు నీళ్లతో సాధన చేయించాను. పిపెట్ అంటే చుక్కలో యాభయ్యో వంతు కూడా కొలిచి పీల్చే చిన్న సాధనం. డీఎన్‌ఏ ముక్కల్ని వేరుచేసే జెల్ అనే పలక జున్నులా మెత్తగా ఉంటుంది. దాని ఒక చివర చీమ తలంత బావులుంటాయి. ఆ బావుల్లోకి ద్రవం ఒలక్కుండా దింపాలి. మా పన్నెండుమంది విద్యార్థులూ పోటీపడి ఒలకబోశారు. అప్పలకొండ ఎడమ అరచెయ్యి కుడి మణికట్టు కింద పెట్టి, ఊపిరి బిగబట్టి, వరసగా ఎనిమిది బావులు నింపాడు. ఒక్కదాంట్లోంచీ నీలం పైకి రాలేదు.

"నీళ్లు సరే పాపగారూ, అసలుది ఎప్పుడిస్తారు?"

"చూద్దాం" అన్నాను. మనసులో ఇవ్వననే అనుకున్నాను.

ఫిబ్రవరి చివరి శనివారం విశ్వవిద్యాలయం నుంచి తనిఖీ వస్తుందని కబురొచ్చింది. ఒక ప్రయోగం వాళ్ల ముందు చేసి చూపించాలి. అది సరిగా జరిగితే కోర్సు ఉంటుంది, లేకపోతే విద్యార్థులు జువాలజీకి పోతారు, నేను ఇంటికి పోతాను, అప్పలకొండకి ఇంక ఎక్కడా కోత అన్నది ఉండదు. బెంగుళూరు కంపెనీ నుంచి థర్మోకోల్ పెట్టెలో ఈకో ఆర్ వన్ పక్కనున్న దుర్గ్ స్టేషనుకి వచ్చింది. చిటికెన వేలి గోరంత సీసా. కాలేజీ ఫ్రిజ్ దానికి చాలినంత చల్లగా లేదు. కుల్ఫీ వాళ్లు ఉప్పు కలిపిన ఐసులో డబ్బాలు పెట్టడం చూసి, అప్పలకొండ బకెట్ నిండా అలాంటి ఐసు సిద్ధం చేసి, పూటకోసారి మారుస్తూ కాపలా కాశాడు. అక్కడిదాకా ఆయన పనికి వంక పెట్టడానికి లేదు.

బుధవారం మొదటిసారి చేసి చూశాను. ఒక వైరస్ డీఎన్‌ఏ తీసుకున్నాను. ఈకో ఆర్ వన్ దాన్ని అయిదుచోట్ల కోస్తుంది, ఆరు ముక్కలవుతాయి. చిన్న ట్యూబులో డీఎన్‌ఏ, ఎంజైము కలిపి, మన ఒంటి వేడికి సమానంగా ముప్పై ఏడు డిగ్రీలున్న నీళ్లతొట్టిలో పెట్టి, గంట ఆగాలి. ట్యూబు తొట్టిలో పెట్టగానే ప్రిన్సిపాల్‌గారు మీటింగుకి పిలిచారు. "చూస్తూ ఉండండి బాబాయ్" అని చెప్పి వెళ్లాను.

నేను లేనప్పుడు జరిగింది నాకు శుక్రవారం దాకా తెలియదు. మీకు ఇప్పుడే చెప్పేస్తాను. అప్పలకొండ తొట్టిలో వేలు పెట్టి చూశాడు. నీళ్లు పసిపిల్లకి పోసే స్నానం నీళ్లలా గోరువెచ్చగా ఉన్నాయి. ఇరవై తొమ్మిదేళ్లు ఇనుము ఎర్రబడకుండా మీట నొక్కని మనిషి ఆయన. పాపగారు చదువుకున్నది గానీ కోతలో చెయ్యి తిరిగింది కాదు, వేడి పెట్టడం మరచిపోయింది, కోత ఫెయిలైతే మాట పడుతుంది అని జాలిపడ్డాడు. తొట్టి మీట డెబ్భై దగ్గరికి తిప్పాడు. అరగంట బాగా కాగనిచ్చి, నా చెప్పుల చప్పుడు వినపడేసరికి మళ్లీ ముప్పై ఏడుకి తెచ్చి చన్నీళ్లు కలిపాడు. ఆనపకాయ మీద గీత గీసినంత శ్రద్ధగా చేశాడు ఇదంతా.

జెల్ మీద కరెంటు పెట్టాను. కరెంటు డీఎన్‌ఏ ముక్కల్ని లాగుతుంది. చిన్నవి ముందుకి ఉరుకుతాయి, పెద్దవి వెనకబడతాయి. రంగు పట్టించి అతినీలలోహిత దీపం మీద పెడితే ఒక్కో సైజూ ఒక్కో నారింజ గీతగా మెరుస్తుంది. నాకు కనిపించింది ఒకే ఒక్క లావు గీత, పైన, బావి దగ్గరే. ఏమీ తెగలేదన్నమాట.

"పడ్నేదా?" అన్నాడు అప్పలకొండ. ఆయన మొహం వాడిపోయింది. నా గురించి దిగులుపడుతున్నాడనుకున్నాను.

గురువారం రెండోసారి చేశాను. మళ్లీ మీటింగు. ముందురోజు వేడి చాలలేదేమోనని ఈసారి ఆయన తొంభై పెట్టాడు. జెల్ మీద ఆ ఒక్క గీత కూడా చెదిరి మసకబారింది.

ఇక నా కోపం బెంగుళూరు మీదికి పోయింది. శుక్రవారం పొద్దున్న కూర్చుని కంపెనీకి రెండు పేజీల ఉత్తరం రాశాను. చచ్చిన సరుకు అంటగట్టారనీ, మీ పేరు దేశంలో ప్రతి ల్యాబులోనూ చెబుతాననీ, ఇంకా ఇక్కడ రాయకూడనివి కొన్నీ. రిజిస్టర్ పోస్టు చెయ్యమని అప్పలకొండకిచ్చి పంపాను. గంట తర్వాత ఆయన ఉత్తరంతోనే తిరిగొచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"పోస్టాఫీసు మూసేశారా?"

"తెరిసే ఉంది. నానే ఎయ్యలేకపోనాను. పాపగారూ, సరుకు బతికే వచ్చింది. నానే సంపేసినాను."

తొట్టి సంగతి మొత్తం చెప్పాడు. డెబ్భై, తొంభై, చన్నీళ్లు, అన్నీ. చెప్పి, గోడ వైపు చూస్తూ అన్నాడు: "మా షాపులో కోత వంకర పోయినోడు ఏటంతాడో తెల్సా? సిలిండర్లో గ్యాసు మంచిది కాదంతాడు. ఇన్నేళ్లూ ఆ రకం మనుషుల్ని సూసి అసియ్యించుకున్నాను. ఇయాల నా తప్పు బెంగుళూరోడి మీద ఎయ్యడానికి నాకు సెయ్యి రానేదు."

అప్పుడు అరిచాను. రెండు గదుల అవతల కెమిస్ట్రీ పాఠం ఆగిపోయింది. ఏమేమి అన్నానో అన్నీ గుర్తులేవు. "రేపు మీ మొహం నాకు చూపించకండి" అన్నది మాత్రం బాగా గుర్తుంది. ఆయన తాళంచెవులు బల్ల మీద పెట్టాడు గానీ కదల్లేదు.

"ఎందుకు సచ్చిందో సెప్పండి. సెప్తే పోతాను."

అంత కోపంలోనూ పాఠం అడిగితే చెప్పకుండా ఉండలేకపోవడం నా జబ్బు. ఎంజైము ఒక ప్రొటీను అని చెప్పాను. దాని మడతల్లో ఉంది దాని పనితనమంతా. కోడిగుడ్డు తెల్లసొన వేడి తగిలితే గట్టిపడుతుంది, మళ్లీ చల్లార్చినా పచ్చిసొన కాదు కదా. ఇదీ అంతే. ఒంటి వేడిలో పుట్టింది, ఒంటి వేడిలోనే పని చేస్తుంది.

"అంటే నాను గుడ్డు ఉడకబెట్టేసినానన్నమాట" అన్నాడు. సీసా ఉన్న బకెట్ వైపు చూసి, "ఇంకేటైనా మిగిలుందా?" అని అడిగాడు.

ఐసులోంచి సీసా తీసి వెలుతురులో చూశాను. రెండుసార్లూ తెగుతుంది తెగుతుందని దండిగా వాడేశాను. అడుగున కనిపించీ కనిపించని ఒక తడి మిగిలింది. ఒక్కసారికి వస్తుంది. మరి రాదు.

"ఒక్కటే ఉంది" అన్నాను.

"అయితే నాను ముట్టుకోను పాపగారూ. ల్యాబులోకే రాను. బయట స్టూలు మీద కూకుంటాను." ఆ ఒక్క కోత కోసం ఇన్ని నెలలుగా నా ప్రాణం తీసిన మనిషి ఆ మాట అనేసి చీపురు పట్టుకుని వెళ్లిపోయాడు. నాకు కోపం పోయి సిగ్గేసింది. అవును, సిగ్గే. చదువు చెప్పేదాన్ని, ముప్పై ఏడు ఎందుకో ఒక్క ముక్క ముందు చెప్పి ఉంటే ఇదంతా ఉండేది కాదు. ఆ ఉత్తరం చించి బుట్టలో వేశాను.

శనివారం తొమ్మిదికే తనిఖీ బృందం దిగింది. పెద్ద ప్రొఫెసర్ రామమోహనరావుగారు. సన్నగా, పొడుగ్గా, ఏది చూసినా ఎప్పుడో చూసేసినట్టుండే మనిషి. "ఎంజైము కలపడం దగ్గర్నుంచీ చూస్తాను" అని నా వెనకే నిలబడ్డారు. పక్కన గణపతిరావుగారు దేవుడికి దణ్ణం పెడుతున్నట్టు చేతులు జోడించి నిలబడ్డారు. నేను పిపెట్ పట్టుకుని సీసాలోకి దించాను. చెయ్యి వణికింది. పైకి తీసి మళ్లీ దించాను. ఇంకా ఎక్కువ వణికింది. ఆ తడిలోకి గాలి బుడగ పీలిస్తే ఇంక అంతే.

"తొందరేం లేదమ్మా" అన్నారు రామమోహనరావుగారు. ఆ మాటతో మోచెయ్యి కూడా వణకడం మొదలైంది.

గుమ్మంలోంచి చూస్తే బయట స్టూలు మీద అప్పలకొండ కనిపించాడు. ఇటు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నట్టు నేలకేసి చూస్తున్నాడు. ఆ చేతులు మోకాళ్ల మీద రాయిలా కదలకుండా ఉన్నాయి.

"బాబాయ్, ఇలా రండి."

"ఆయన అటెండరు!" అన్నారు గణపతిరావుగారు.

"తెలుసు సార్. నాది వణికే చెయ్యి, ఆయనది వణకని చెయ్యి. మీరే చెప్పండి ఎవరు చెయ్యాలో."

ప్రొఫెసర్‌గారు నా వెనక నుంచి పక్కకి జరిగారు. అప్పలకొండ రానన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నేను మళ్లీ పిలిచాను. లేచి, చేతులు కడుక్కుని, కళ్లద్దాలు సర్దుకుని వచ్చాడు. ఎడమ అరచెయ్యి కుడి మణికట్టు కిందికి పోయింది. సీసా అడుగున ఉన్న తడి అంతా బుడగ లేకుండా పిపెట్లోకి వచ్చింది. దాన్ని డీఎన్‌ఏ ఉన్న ట్యూబులోకి దింపి, నెమ్మదిగా కలిపి, అప్పుడు ఊపిరి వదిలాడు.

"తొట్టి ఎంత పాపగారూ?"

"ముప్పై ఏడు."

"ముప్పై ఏడే" అని తనలో తను అనుకుని, ట్యూబుని తొట్టిలో పెట్టాడు. గంటసేపూ చేతులు వెనక్కి కట్టుకుని దాని పక్కనే నిలబడ్డాడు. కెమిస్ట్రీ మాస్టారొకాయన తొట్టి మీట దగ్గరికి వచ్చి చూడబోతే "దూరంగా ఉండండి సార్, గర్మీ పనికిరాదు" అని ఆయన్ని కసిరాడు.

జెల్‌లో మూడు బావులు నింపాం. మొదటిదాంట్లో ఎంజైము కలపని డీఎన్‌ఏ. మూడోదాంట్లో ఇప్పటిది. రెండోదాంట్లో ఏం పోశానో చెబితే నా బుద్ధి ఎలాంటిదో తెలుస్తుంది. బుధవారం అప్పలకొండ ఉడకబెట్టిన ట్యూబులో కాస్త మిగిలింది, అది పోయించాను. వేడికి చచ్చిన ఎంజైము ఏం చేస్తుందో చూపించడానికి అంతకంటే మంచి నమూనా పుస్తకాల్లో కూడా దొరకదు. అన్నీ అప్పలకొండ చేతే పోయించాను.

పులిహోర, వడలు, మిరపకాయ బజ్జీల మధ్యాహ్నం భోజనమయ్యాక అందరం దీపం చుట్టూ చేరాం. అప్పలకొండ అలవాటుకొద్దీ కటింగ్ చేసేటప్పటి నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడు. వాటిలోంచి ఏమీ కనిపించదు. దీపం వెలిగింది.

"పడిందా పాపగారూ? కోత పడిందా?"

మొదటి వరసలో ఒకే గీత. రెండోదాంట్లో ఒకే గీత. మూడోదాంట్లో మెట్లు దిగినట్టు అయిదు నారింజ గీతలు. ఆరు ముక్కల్లో రెండు దాదాపు ఒకే సైజు కాబట్టి కలిసి ఒకటిగా కనిపిస్తాయి.

"పడింది బాబాయ్. అద్దాలు తియ్యండి."

దీపం కాంతికి అడ్డుగా నేను పెట్టుకున్న పారదర్శక ముఖకవచం తీసి ఆయన మొహానికి తగిలించాను. ఆయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ రెండో వరస ఏమిటి?" అని అడిగారు ప్రొఫెసర్‌గారు.

"వేడితో నిర్వీర్యం చేసిన ఎంజైము సార్. పోల్చి చూపించడానికి కావాలని..." అని మొదలుపెట్టాను.

"కావాలని కాదు సార్" అన్నాడు అప్పలకొండ. "నా తప్పు. ఇనుము కోతకి ముందు వేడి పెడతాం. ఇదీ అలగే అనుకుని ఉడకబెట్టేసినాను."

గణపతిరావుగారు కళ్లు మూసుకున్నారు. రామమోహనరావుగారు మాత్రం మొదటిసారి నవ్వారు. తర్వాత విద్యార్థుల వైపు తిరిగి, ఆ ఆరు అక్షరాల్లో ఒకటి మారితే ఏమవుతుందని అడిగారు. పన్నెండుమందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కోత పడదు సార్. మార్కింగ్ సెరిగిపోయినట్టే కదా" అన్నాడు అప్పలకొండ.

"అంతే. ఈ ప్రాంతంలో సికిల్ సెల్ జబ్బు ఎంతమందికుందో మీకు తెలుసు. అక్కడా ఒక్క అక్షరమే మారుతుంది. దాంతో ఇంకో రకం ఎంజైము కొయ్యాల్సినచోట కొయ్యదు. ఆ పడని కోతని చూసే ఆ రాతని పట్టుకుంటారు." ఆయన మళ్లీ అప్పలకొండని ఎగాదిగా చూశారు. "ఏం చదువుకున్నావయ్యా?"

"నాలుగు సార్. ఐదులో ఫెయిల్."

కోర్సుకి అనుమతి వచ్చింది. అటెండరు చేత ప్రయోగం చేయించడం పద్ధతి కాదని నివేదికలో ఒక వాక్యం కూడా వచ్చింది. గణపతిరావుగారు ఆ వాక్యం నాకు చదివి వినిపించి, పిపెట్‌కి స్విచ్చి లేదు కాబట్టి అది పరికరం కిందికి రాదని తేల్చారు. ఆ మనిషిలో అంత చమత్కారం ఉందని నేను అనుకోలేదు.

ఆ శనివారమే జెల్ ఫొటో తీయించాను. కాలేజీకి కెమెరా లేదు. సెక్టర్ 7 మార్కెట్లో పెళ్లి ఫొటోలు తీసే మనోజ్‌కుమార్‌ని పిలిపించాను. లైట్లన్నీ ఆర్పేసి, ఫ్లాష్ వద్దంటే, పెళ్లికూతుర్ని వెతుకుతూ "దుల్హన్ ఏదీ దీదీ?" అని అడిగాడు. వారం తర్వాత ప్రింటు పంపాడు. చుట్టూ గులాబీల అంచు వేసి, మధ్యలో మా అయిదు గీతలు.

అప్పలకొండ ఆ ఫొటోని రెండు చేతులతో పట్టుకుని, కళ్లద్దాలకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత తిరగేసి నా ముందు పెట్టాడు.

"ఎనకాల రాయండి పాపగారూ."

"ఏం రాయాలి?"

"కోసినోడి పేరు."

నాలో టీచరు ఊరుకోదు కదా. "కోసింది ఎంజైము బాబాయ్. మీరు దాన్ని తెచ్చి కలిపారు, అంతే."

ఆయనకి కోపం రాలేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

"ప్లేటుని కోసింది మంట పాపగారూ. నాను పట్టుకున్నాను, అంతే. ఇరవై తొమ్మిదేళ్లూ పేరు నాదే రాసినారు."

నేను పెన్ను తీసి రాశాను.